ఫోన్ మోగాక పని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

జడ్చర్లలో బోరు మోటార్లు బిగించే మా తమ్ముడికీ, శంషాబాద్‌లో విమానాల రిపేరు చేసే మా మేనల్లుడికీ ఒకటే సమస్య. బోల్టు చేత్తో తిప్పి పానా అందుకునేసరికి ఎవరో పిలుస్తారు.

తిరిగొచ్చాక గుర్తున్న చోటి నుంచే సాగించడం ఒక పద్ధతి. పని త్వరగా అవుతుంది. కానీ చేయబోయిన పనిని చేసేసినట్టే అనిపిస్తుంది, పైగా చేత్తో తిప్పిన బోల్టు చూడటానికి బిగించినట్టే ఉంటుంది. మోటారైతే పైకి లాగి మళ్లీ బిగించుకోవచ్చు. విమానం గాల్లో ఉంటే ఏం చేస్తాం? 1991 సెప్టెంబర్ 11న అమెరికాలోని టెక్సస్‌లో ఒక చిన్న విమానం కూలి 14 మంది చనిపోయారు. తోక రెక్క మీది 47 స్క్రూలు ముందు రాత్రి విప్పారు, షిఫ్టు మారింది, తర్వాతి వాళ్లకు ఆ సంగతి అందలేదు.

రెండో పద్ధతి, ఆపిన చోటికి ముందు చేసిన మూడు పనులు వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకోవడం. విమాన మెకానిక్‌లకు శిక్షణలో చెప్పేది ఇదే. మనిషే మారితే ఇదొక్కటే చాలదు. సగంలో ఉన్న చోట ట్యాగ్ కట్టాలి, ఏ పని ఎంతవరకు అయిందో రాసుకునే కార్డులో రాయాలి. కాస్త ఆలస్యమే, అయినా నా ఓటు దీనికే. మా తమ్ముడికీ ఇదే చెప్పాను.