పాత ఆటోమేటిక్ కారుకు గేర్‌బాక్స్ వేయించాలా, బండి మార్చాలా?

"పదేళ్లు దాటిన బండి. గేర్‌బాక్స్ పోయింది, లక్షన్నర అవుతుందంటున్నారు. వేయించమంటారా, వదిలించుకోమంటారా?" ఈమధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఇదే. 2014లో మారుతి సెలేరియోతో ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌నే యంత్రంతో నడిపే ఆటోమేటిక్) వచ్చాక మామూలు ఇళ్లలోకి కూడా ఆటోమేటిక్‌లు వచ్చేశాయి. ఆ తొలినాటి బండ్లు ఇప్పుడు సరిగ్గా ఈ వయసులో ఉన్నాయి.

ఎస్టిమేట్‌లో "గేర్‌బాక్స్ అసెంబ్లీ" అని రాసినంత మాత్రాన మొత్తం పోయినట్టు కాదు. చాలాచోట్ల విప్పి చూసే పని పెట్టుకోరు, పెట్టె పెట్టెగా మార్చేస్తామంటారు. ఏఎంటీలో లోపల ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్చో, గేర్లు మార్చే యాక్చుయేటరో మారిస్తే చాలాసార్లు సరిపోతుంది. రెండు క్లచ్చులుండే డీసీటీలో మెకట్రానిక్స్‌ను (గేర్లను నడిపే కంట్రోల్ యూనిట్), ఆయిల్ ద్వారా ఇంజను బలం అందించే టార్క్ కన్వర్టర్ బండిలో ఆయిల్‌ను దారి మళ్లించే వాల్వ్ బాడీని, దాని కరెంటు వాల్వులైన సోలినాయిడ్లను ముందు అనుమానించాలి. గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే సీవీటీ మాత్రం కష్టమే. బెల్టు జారి పుల్లీలు గీసుకుపోతే చిన్న రిపేరుతో పోదు. ఏదైనా సరే, ఆటోమేటిక్‌లు మాత్రమే చేసే మరో మెకానిక్‌తో స్కాన్ చేయించి, గేర్ ఆయిల్ తీయించి చూపించుకున్నాకే తర్వాతి లెక్క.

రిపేరు ఖర్చు బండి రేటులో సగం దాటితే వదిలేయాలని చాలామంది చెప్తారు. నేను ఒప్పుకోను. బండి రేటు అమ్మేవాడికి కావాలి. నడుపుకునేవాడికి కావలసింది, దీని బదులు ఇంకోటి తెచ్చుకుంటే ఎంతవుతుందన్నది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 18 శాతానికి తగ్గింది. కొత్తవాటి రేటు దిగితే పాతవాటి రేటూ దిగుతుంది. అంతమాత్రాన మీ బండి నడక ఏమీ తగ్గలేదు కదా.

లక్షన్నర పెట్టి ఇంకో నాలుగేళ్లు నడిపితే నెలకు మూడువేల చిల్లర. అదే కొత్త కారుకు ఎనిమిది లక్షల లోను, 9 శాతం వడ్డీకి ఐదేళ్లు తీసుకుంటే ఈఎంఐ ₹16,600 దాకా వస్తుంది. డౌన్ పేమెంటు, లైఫ్ ట్యాక్స్, పెద్ద ఇన్సూరెన్స్ ప్రీమియం వేరే. పాత బండికి ఏడాదికోసారి టైర్లు, బ్యాటరీ, ఏసీ అంటూ ఎంత వేసుకున్నా ఈ తేడా పూడదు.

అయితే ఆ నాలుగేళ్లు బండి నిలవాలి. అది తేల్చేది తుప్పు. ఇంజను విప్పి కట్టొచ్చు, గేర్‌బాక్స్ మార్చొచ్చు, సస్పెన్షన్ మొత్తం కొత్తది వేసుకోవచ్చు. బాడీ కుళ్లితే ఎవరూ ఏమీ చేయలేరు.

మా ఇంట్లోనే ఈ సంగతి కళ్లారా చూశాను. హైదరాబాద్‌లో మా బండి, కాకినాడలో మా బాబాయి వాళ్ల బండి ఒకే మోడల్, ఒకే ఈడువి. రెండింటికీ గేర్‌బాక్స్ జారుడు (ఇంజను అరిచినా బండి లాగకపోవడం) మొదలైంది. మా బండిని లిఫ్ట్ ఎక్కిస్తే కింద ఫ్యాక్టరీ వాళ్లు పూసిన నల్లటి పూత ఇంకా అలాగే ఉంది. కాకినాడ బండి పైన మెరుస్తోంది. జాకీ పెట్టేచోట స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మాత్రం రేకు పొరలు పొరలుగా ఊడి మెకానిక్ చేతిలో పడింది. ముందు షాక్ అబ్సార్బర్ పైకొస బిగించేచోట చుట్టూ గోధుమరంగు ఉబ్బు. సముద్రపు గాలి అది. మా బండికి గేర్‌బాక్స్ ఓవర్‌హాల్ (విప్పి, అరిగినవి మార్చి మళ్లీ కట్టడం) చేయించాం. బాబాయిని మాత్రం రూపాయి కూడా పెట్టొద్దన్నాను. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉన్నవాళ్లు మెకానిక్‌తో గేర్‌బాక్స్ మాట ఎత్తేముందు బండిని లిఫ్ట్ ఎక్కించండి. నేలమీద నిలబెట్టి చూస్తే ఏమీ తెలియదు.

ఆర్‌సీ తేదీ కూడా చూసుకోవాలి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయిస్తే ఐదేళ్లకు రెన్యువల్. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజును ₹5,000 చేశారు, గ్రీన్ ట్యాక్స్ అదనం. ఢిల్లీలో తెచ్చినట్టు పదేళ్లకు డీజిల్, పదిహేనేళ్లకు పెట్రోలు బండిని పక్కనపెట్టే నిబంధన మన దగ్గర లేదు. బండి శుభ్రంగా ఉంటే పదమూడో ఏట గేర్‌బాక్స్ వేయించడానికి భయపడక్కర్లేదు.

ఇక వేయిస్తే ఏది? కంపెనీ కొత్త గేర్‌బాక్స్ నిశ్చింత, కాని పాత బండికి ఆ రేటు బరువు. నా మొగ్గు ఓవర్‌హాల్ వైపే. అరిగిన క్లచ్ ప్లేట్లు, సీళ్లు, బేరింగ్‌లు కొత్తవి పడతాయి. వాల్వ్ బాడీ కడిగిస్తారు, టార్క్ కన్వర్టర్‌నూ చూస్తారు. చేసే చెయ్యి మంచిదై ఉండాలి, అంతే. ఇలాంటివి చేసిన పాత కస్టమర్ల నంబర్లు ఇవ్వమని అడగండి. ఇవ్వడానికి తటపటాయిస్తే ఇంకో షాపు చూసుకోండి.

సెకండ్‌హ్యాండ్ గేర్‌బాక్స్ చౌక. విజయవాడ ఆటోనగర్‌లోనో, చెన్నై పుదుపేటలోనో వెతికితే దొరుకుతుంది. అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిన బండిదో మాత్రం ఎవరూ చెప్పలేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. నీళ్లు తాగిన గేర్‌బాక్స్ పైకి తుడిచేస్తే కొత్తదానిలాగే కనిపిస్తుంది. తప్పనిసరైతే ఆయిల్ తీసి చూడండి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే ఊరికే ఇచ్చినా వద్దు.

ఉన్నది ఉన్నట్టుగా అమ్మేయడం, బండి తుప్పు పట్టినవాళ్లకు సరైన దారి. కొనేవాడు రిపేరు ఖర్చుతోపాటు తన రిస్కూ కలిపి కోసుకుంటాడు కాబట్టి, మూడు నాలుగు చోట్ల రేటు అడగండి. లోపం దాచి అమ్మకండి. ఆటోమేటిక్‌ను మాన్యువల్‌గా మార్పించే ఆలోచన కూడా కొందరికి ఉంటుంది. వైరింగ్, ఈసీయూ (బండి కంప్యూటర్), ఆర్‌సీ తలనొప్పులతో అది తేలే పని కాదు.

ఓవర్‌హాల్ చేయించేవాళ్లు వారంటీ ఎన్ని నెలలో, ఎన్ని కిలోమీటర్లో బిల్లు మీద రాయించుకోండి. మార్చిన పాత భాగాలు డిక్కీలో పెట్టించుకోండి. గేర్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని ఎవరు చెప్పినా, మన ఎండల్లో, మన ట్రాఫిక్‌లో 60,000 కిలోమీటర్లకు ఒకసారి మార్పించండి.