ఫంక్షన్‌కి కూల్‌డ్రింక్ కేసులు కొంటున్నారా? తేదీ చెరిపి మళ్లీ కొట్టిన సరుకు మాకు అంటగట్టారు

మే నెలలో బుచ్చిరెడ్డిపాలెంలో మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ చేశాం. కూల్‌డ్రింకుల బాధ్యత నాది. నెల్లూరులో ఒక హోల్‌సేల్ కొట్టులో గ్యాస్ ఉన్న చిన్న బాటిళ్లు 8 కేసులు, మామిడి జ్యూస్ 4 కేసులు తీసుకున్నాను. మిగతా చోట్ల కంటే కేసుకి 60 రూపాయలు తక్కువ. ఎందుకు తక్కువో నేను అడగలేదు. బిల్లు అడిగితే "తెల్ల చీటీ చాలు లేన్నా, ఫంక్షన్ సరుక్కి బిల్లెందుకు" అన్నాడు. సరేనన్నాను. ఆ మాటే తర్వాత నా చేతులు కట్టేసింది.

భోజనాల దగ్గర ముందుగా మా పెద్దమ్మ పట్టుకుంది. "ఏంది నాయనా, చక్కెర నీళ్ల మాదిరి ఉంది ఇది" అంది. ఇంకో బాటిల్ మూత తిప్పి చూశాను, బుస్సుమన్న చప్పుడే లేదు. మామిడి జ్యూస్ సంగతి దానికి తలకిందులు. మూత తిప్పగానే టప్పున ఎగిరింది, పులిసిన కల్లు వాసన కొట్టింది. అప్పటికే పిల్లల బంతిలో పంచేశారు. ఆ రాత్రి ఇద్దరు పిల్లలకు వాంతులయ్యాయి. ఎండ, విందు భోజనం కూడా ఉన్నాయి కాబట్టి ఇది జ్యూస్ వల్లే అని నేను గట్టిగా అనలేను. కానీ అలాంటి బాటిళ్లు నా చేత్తో తెచ్చి వాళ్లకిచ్చానన్న బాధ మాత్రం పోవడం లేదు.

మర్నాడు మా చిన్నాన్న కొడుకు వచ్చాడు. వాడు ఒక బాటిలింగ్ ప్లాంటులో లైన్ మీద పనిచేస్తాడు. బాటిల్ చేతిలోకి తీసుకోగానే మెడ దగ్గర తేదీ చూపించాడు. ఫ్యాక్టరీలో బాటిల్ నిండి, మూత బిగిశాక, బెల్టు మీద పరిగెడుతుండగానే మెషిను సిరా చుక్కలతో తేదీ, బ్యాచ్ నంబర్ కొడుతుందట. దగ్గరగా చూస్తే అక్షరాలన్నీ చుక్కలు చుక్కలుగా ఉంటాయి. మావాటి మీద రబ్బరు స్టాంపుతో గుద్దినట్టు నిండు గీతలున్నాయి. వేలితో రుద్దితే చెరిగిపోయాయి. వెలుతురుకి పట్టి చూస్తే కింద పాత చుక్కల మచ్చ లీలగా కనిపించింది. థిన్నర్ లాంటిదేదో పెట్టి తుడిచి ఉంటారన్నాడు.

గ్యాస్ ఎందుకు పోయిందో కూడా వాడే చెప్పాడు. చల్లబరిచిన నీళ్లలో కార్బన్ డయాక్సైడ్‌ను ఒత్తిడితో కరిగిస్తారు, చల్లగా ఉంటేనే అది బాగా కరుగుతుంది. మూత బిగించిన బాటిల్ మామూలు వేడికి వచ్చాక లోపలి ఒత్తిడి కారు టైరులో గాలి ఒత్తిడి కంటే ఎక్కువే ఉంటుంది. అడుగున అయిదు కాళ్ల పువ్వులా ఉండేది ఆ ఒత్తిడికి తట్టుకోవడానికే. అయితే గాజులా కాదు, ఈ ప్లాస్టిక్ గోడల్లోంచి గ్యాస్ నెమ్మదిగా బయటికి పోతూనే ఉంటుంది. లోపలి సరుకుతో పోలిస్తే చిన్న బాటిల్‌కి గోడ ఎక్కువ, కాబట్టి అందులోంచి ఇంకా తొందరగా పోతుంది. మన నెల్లూరు ఎండల్లో రేకుల షెడ్డు కింద నెలల తరబడి పడేస్తే ఇక చెప్పాలా!

మామిడి జ్యూస్‌లో అసలు గ్యాసే కలపరు. వేడి చేసి, క్రిములు చచ్చాక నింపి మూసేస్తారు. ఎక్కడో గాలి దూరి ఈస్టు చేరితే లోపలి చక్కెర పులుస్తుంది, దాంతో గ్యాస్ పుడుతుంది. అందుకే ఈ రెండు రకాలకీ గుర్తులు ఎదురుబొదురు. గ్యాస్ డ్రింకు నొక్కితే రాయిలా ఉండాలి, మెత్తగా ఉంటే తీసుకోకండి. జ్యూస్ బాటిల్ ఉబ్బి బిగుసుకుపోయి ఉంటే ముట్టుకోకండి. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే నేను ఆ నాలుగు కేసులూ ఆటో ఎక్కించేవాణ్ణే కాదు.

కొట్టుకి వెళ్తే "మా దగ్గర కొన్నదే కాదు పో" అన్నాడు. చీటీ మీద కొట్టు పేరు లేదు, తేదీ లేదు. అందుకే చెబుతున్నా, 60 రూపాయలకి ఆశపడి పక్కా బిల్లు వదులుకోకండి. కేసు పైన ఒక్క బాటిల్ చూసి ఊరుకోకుండా మధ్యలోంచి, అడుగునుంచి రెండు మూడు లాగి చూడండి. మా కేసుల్లో పై వరుస మంచిదే ఉంది! మూత కింద రింగు తెగకుండా ఉందో లేదో, లేబుల్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబర్ ఉందో లేదో కూడా చూడండి. కొట్టువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

ఫోన్‌పేలో డబ్బులు పంపిన మెసేజ్ మాత్రం నా దగ్గర మిగిలింది. దాంతోనే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. ఆహార భద్రత అధికారికి కూడా అర్జీ ఇచ్చాను. తప్పుడు లేబుల్‌తో సరుకు అమ్మితే 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం 3 లక్షల దాకా జరిమానా ఉంది. మూత తియ్యని బాటిళ్లు 22 మిగిలాయి, వాటి మెడల ఫోటోలు తీసి, అట్టపెట్టెలో పెట్టి దాచాను.

మే నెలలో నెల్లూరు నుంచి కోవూరు, బుచ్చి, ఆత్మకూరు వైపు ఫంక్షన్లకి కేసులు తెచ్చుకున్నవాళ్లు ఇంట్లో మిగిలిన బాటిళ్లు ఉంటే పిల్లలకి అందకుండా పక్కన పెట్టండి. తేదీ మీద తడి గుడ్డతో రుద్ది చూడండి. చెరిగితే పారేయకండి, ఫోటో తీసి మీరు కూడా 1915కి ఫోన్ చేయండి. నా ఒక్కడి ఫిర్యాదైతే ఆ కొట్టువాడు మళ్లీ "మా దగ్గర కొన్నదే కాదు" అంటాడు.