న్యూట్ల ట్యాంకుకి చిల్లర్: ఆర్నెల్లు వాడాక

నా దగ్గర చైనీస్ ఫైర్ బెల్లీ న్యూట్లు (నీళ్ళలో ఉండే, బల్లిలా కనబడే చిన్న ఉభయచరాలు) 5 ఉన్నాయి. నీళ్ళు 22 డిగ్రీలు దాటాయంటే వాటికి ఇబ్బంది మొదలవుతుంది, ఇంకా వేడెక్కితే తిండి మానేసి అద్దం పట్టుకుని పైకి పాకుతూ ఉంటాయి. ఫ్యాన్ పెడితే 2, 3 డిగ్రీలు తగ్గేది కానీ నీళ్ళు ఆవిరైపోయి రోజూ నింపాల్సి వచ్చేది. ఐస్ బాటిల్ వేస్తే చల్లబడి, గంటలో మళ్ళీ మామూలే, ఆ ఎగుడుదిగుళ్ళు వాటికి అస్సలు మంచివి కావు. అందుకే చివరికి కంప్రెసర్ ఉన్న చిన్న చిల్లర్, అంటే ట్యాంకు నీళ్ళని చల్లబరిచే యంత్రం, కొన్నాను.

చల్లబరచడంలో మాత్రం దీనికి వంక పెట్టలేను. 18 కి పెడితే రాత్రీపగలూ అక్కడే ఉంటుంది. కానీ డిస్‌ప్లే మీద కనబడే అంకెని నమ్మకండి, నా విడి థర్మామీటర్ 2 డిగ్రీలు ఎక్కువ చూపించింది, ఇప్పుడు 16 కి పెట్టి వాడుతున్నాను. దీనికంటే పెద్ద సమస్య నీటి వేగం. మొదటి రోజు పైపులోంచి నీళ్ళు ఎంత జోరుగా వచ్చాయంటే న్యూట్లన్నీ ఒక మూలకి చేరి కదల్లేదు, వీటికి నిలకడగా ఉండే నీళ్ళే ఇష్టం మరి. చిల్లులున్న స్ప్రే బార్ బిగించి అద్దం వైపు తిప్పాక గానీ బయటికి రాలేదు. నీళ్ళు లాక్కునే చోట స్పాంజి తొడగడం కూడా మర్చిపోవద్దు, కంపెనీ వాళ్ళు ఇచ్చిన జాలీ కన్నాలు మరీ పెద్దవి, పిల్లలు లోపలికి పోతాయి. చిల్లర్‌ని మూసిన అలమరలో పెట్టకండి, అది వదిలే వేడి గాలి తిరిగి దానికే తగిలి ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. కొంచెం మోత ఉంది, పడకగదిలో అయితే కష్టం.

గుడ్లు పెడతాయని చలికాలంలో కొన్ని వారాలు బాగా చల్లగా ఉంచి మెల్లగా 18 కి తెచ్చాను. ఒక సాయంత్రం చూద్దును కదా, ఆడది వెనక కాళ్ళతో ఎలోడియా అనే నీటి మొక్క ఆకుని దగ్గరికి లాక్కుని, మధ్యలో ఒక్క గుడ్డు పెట్టి, ఆకుని మడిచి అలాగే పట్టుకుంది, అది అతుక్కునేదాకా. తర్వాత ఇంకో ఆకు, ఇంకో గుడ్డు. ఎంతసేపు అక్కడే కూర్చున్నానో నాకే తెలియదు. పెద్దవి గుడ్లు తినేస్తాయి కాబట్టి ఆ ఆకులు కత్తిరించి వేరే డబ్బాలోకి మార్చాను.

ఆ డబ్బాకి విడిగా చిల్లర్ అక్కర్లేదు, ట్యాంకు నీళ్ళలోనే తేలేలా పెడితే అదే చల్లదనం అందుతుంది. మీ గది ఎప్పుడూ 20 లోపే ఉంటే ఇది కొనాల్సిన పనే లేదు. లేకపోతే, స్ప్రే బార్, స్పాంజి, మంచి థర్మామీటర్ కూడా కలిపి కొనుక్కోండి. డబ్బాలో ఇప్పుడు 14 పిల్లలున్నాయి, గుడ్లలోంచి అప్పుడే బయటికి వచ్చిన ఆర్టీమియా (చాలా చిన్న ఉప్పునీటి రొయ్యల్లాంటివి) తింటున్నాయి, రెండిటికి ముందు కాళ్ళు కూడా వచ్చాయి.