విశాఖ బోయ్ డేటాకు ఏది మేలు: పియర్సనా, స్పియర్‌మనా, లాగ్ కోరిలేషనా?

విశాఖలో సముద్ర శాస్త్రం చదివే పిల్లలు ప్రాజెక్టుల వేళ మళ్లీ మళ్లీ అడిగేది ఇదే: బోయ్ (సముద్రంలో తేలుతూ గాలి, అలల కొలతలు తీసే పరికరం) డేటాలో గాలి వేగానికీ అల ఎత్తుకూ సంబంధం, అంటే కోరిలేషన్ చూడాలంటే పియర్సన్ తీయాలా, స్పియర్‌మన్ తీయాలా?

ఆ రెండింటిలోనే అయితే స్పియర్‌మన్. పియర్సన్ కొలిచేది సరళరేఖ సంబంధాన్ని. గాలికి పూర్తిగా ఎదిగిన అల ఎత్తు మాత్రం దాదాపు గాలి వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఎత్తు నాలుగింతలు. పైగా 2014 అక్టోబరు 12న తీరం దాటిన హుద్‌హుద్ లాంటి తుపాను రికార్డులో ఒక్కటున్నా, ఆ ఒకటి రెండు రోజుల విలువలే పియర్సన్‌ను ఎటో లాగేస్తాయి. స్పియర్‌మన్ చూసేది ర్యాంకులనే కాబట్టి అంతగా చలించదు. అయితే దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి వచ్చే స్వెల్‌కు, అంటే దూరంలో పుట్టి ఇక్కడికి చేరే అలలకు, ఇక్కడి గాలితో పనిలేదు. స్పెక్ట్రమ్‌లో, అంటే అలల శక్తిని ఫ్రీక్వెన్సీల వారీగా చూపే పట్టికలో, దాన్ని విడదీయకపోతే ఏ పద్ధతి వాడినా సంబంధం బలహీనంగానే కనిపిస్తుంది.

అసలు తేడా వచ్చేది శాంపిల్ సంఖ్య దగ్గర. అరగంటకో రీడింగు చొప్పున 30 రోజులకు 1440 విలువలు. కానీ ఈ అరగంట విలువ ముందు అరగంటదానికి దాదాపు నకలే. ఒక సిరీస్‌లో ప్రతి విలువకూ దాని ముందు అరగంట విలువతో ఉన్న కోరిలేషనే ఆటోకోరిలేషన్. రెండు సిరీస్‌లకు అవి 0.98, 0.99 అనుకుందాం. వాటి లబ్ధం 0.97. 1 నుంచి లబ్ధాన్ని తీసేసి, 1కి లబ్ధం కలిపినదానితో భాగించి, 1440తో గుణిస్తే మిగిలేది సుమారు 22 స్వతంత్ర విలువలే. 1440 ఉన్నాయనుకుంటే సుమారు 0.05 దాటిన కోరిలేషన్ కూడా 5 శాతం స్థాయిలో కాకతాళీయం కాదని నెగ్గుతుంది, 22కి 0.42 దాటాలి. ఆ నెగ్గడాన్ని తేల్చేందుకు సాఫ్ట్‌వేర్ ఇచ్చే పి విలువకు ఈ సంగతి తెలియదు.

ఈ లెక్క సరిచేసుకున్నాక నా ఓటు లాగ్ కోరిలేషన్‌కే, అంటే ఒక సిరీస్‌ను కొంత జాప్యంతో జరిపి రెండోదానితో పోల్చే పద్ధతికే. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య నైరుతి గాలి తీరం వెంట వీస్తే పైనీరు కుడికి, అంటే లోపలి సముద్రానికి జరుగుతుంది. అడుగు చల్లనీరు పైకొస్తుంది. ఉష్ణోగ్రత పడిపోయేది ఆ గంటలోనే కాదు, ఒక రోజు, అంతకంటే ఎక్కువే పట్టొచ్చు. జాప్యం లెక్కించని కోరిలేషన్‌కు ఇది అందదు.

లాగ్ కోరిలేషన్ లెక్కించే ముందు రోజులోని 48 అరగంటలకూ విడివిడిగా సగటు కట్టి, ఆ సగటును ఆయా విలువల నుంచి తీసేయాలి. లేదంటే పగటి ఎండకు కలిసి పెరిగే గాలి ఉష్ణోగ్రత, నీటి ఉష్ణోగ్రతల మధ్య లేని చుట్టరికం పుడుతుంది. కోరిలేషన్ గరిష్ఠ విలువ సరిగ్గా 11 అరగంటల జాప్యం దగ్గర వస్తే ముందు టైమ్‌స్టాంపులు చూడండి: ఒక ఫైలు యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం), ఇంకొకటి మన సమయంలో ఉండొచ్చు. ఐదున్నర గంటలంటే 11 అరగంటలే.

ర్యాంకులతోనే నడిచే ఇంకో కొలత కెండాల్ టౌ చిన్న డేటాకు, సమాన ర్యాంకులు ఎక్కువున్నప్పుడు బాగుంటుంది. ఇక్కడ కొత్తగా చెప్పేదేమీ ఉండదు.

గాలి దిక్కును మాత్రం డిగ్రీల్లోనే ఏ పద్ధతికీ ఇవ్వొద్దు. 359, 1 డిగ్రీలు పక్కపక్క దిక్కులు. లెక్కకు 358 దూరం. తీరం వెంబడి ఒకటి, తీరానికి అడ్డంగా ఒకటి, రెండు భాగాలు చేయండి. సెన్సర్ ఆగిన గంటలను గీత గీసి పూడ్చకండి. ఆ నున్నటి గీత ఆటోకోరిలేషన్‌ను ఇంకా పెంచుతుంది.