ఫుట్‌బాల్ మేనేజర్ 2024: పెద్ద క్లబ్‌కి కోచ్‌ని వెతికే పనికి పనికొస్తుందా?

మాంచెస్టర్ యునైటెడ్ ఓడిన రాత్రి గచ్చిబౌలి, కొండాపూర్ హాస్టళ్లలో ఒకటే పంచాయితీ: కోచ్‌ని తీసేయాలా, తీస్తే ఎవర్ని తేవాలి? ఈ వాదనని కాస్త ఆధారంతో నడపాలంటే, క్లబ్‌ని నడిపించే ఈ కంప్యూటర్ గేమ్ పనికొస్తుంది. 2025 ఎడిషన్ రద్దవడంతో చాలామంది దగ్గర ఇదే ఉండిపోయింది కూడా. అయితే అందరూ ఆడేట్టు మీరే మేనేజర్ కుర్చీలో కూర్చుంటే తేలేది మీ తెలివే, కోచ్‌ది కాదు. అందుకే కోచ్‌ని గేమ్ డేటాలోనే మార్చి, ఆటని దానంతట దాన్ని నడవనివ్వాలి.

గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో టూల్స్ కింద, ఆట మొదలుకాకముందే డేటా మార్చే ప్రీ-గేమ్ ఎడిటర్ ఉచితంగా దొరుకుతుంది. డబ్బులడిగే ఇన్-గేమ్ ఎడిటర్ దీనికి అక్కర్లేదు. యునైటెడ్ పేరు అందులో 'మ్యాన్ యుఎఫ్‌సీ' అని ఉంటుంది, కంగారుపడొద్దు. డేటా 2023–24ది కాబట్టి అక్కడ కోచ్‌గా టెన్ హాగ్ ఉంటాడు, ఆయన తర్వాత వచ్చిన అమోరిమ్ ఇంకా పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్‌లో ఉంటాడు. ముందు టెన్ హాగ్‌ని క్లబ్ నుంచి తీసి, తర్వాత అమోరిమ్‌ని పెట్టండి. ఆ ఫైల్‌తో కొత్త గేమ్ తెరిచి, మీరు ఏ క్లబ్బూ లేని మేనేజర్‌గా చేరి, సీజన్ చివరిదాకా హాలిడే పెట్టేయండి, అంటే మీ ప్రమేయం లేకుండా ఆట తనంతట తానే నడుస్తుంది.

ఒక్క సీజన్ చూసి తీర్పు చెప్పొద్దు. గాయాల వల్లే స్థానాలు తారుమారవుతాయి, కనీసం ఐదుసార్లు నడపాలి. ర్యామ్ 8 జీబీయే అయితే ఇంగ్లండ్ ఒక్కటే లోడ్ చేసి, డేటాబేస్ చిన్నది ఎంచుకోండి. వేగం ఎంతుంటుందో ఆ స్క్రీన్ మీదే నక్షత్రాలతో చూపిస్తుంది. మే ఎండల్లో లాప్‌టాప్ ఫ్యాన్ మోత మాత్రం భరించాలి.

పాయింట్ల పట్టిక కంటే ముందు కోచ్ ప్రొఫైల్ చూడాలి: ఇష్టపడే ఫార్మేషన్, ఆటగాళ్లని నడిపించే తీరు, క్రమశిక్షణ, కొత్త చోట ఇమిడే గుణం. వెనక ముగ్గురు డిఫెండర్లతో ఆడించేవాడొస్తే స్క్వాడ్‌లో వింగ్‌బ్యాక్‌లు (పక్క వెంట డిఫెన్స్, దాడి రెండూ చూసేవాళ్లు) ఎంతమందో లెక్కపెట్టండి. వింగర్లకి చోటెక్కడో కూడా చూడండి. అసలు చిక్కంతా అక్కడే. ఒకటి గుర్తుంచుకోవాలి: గేమ్‌లో అమోరిమ్‌కి ప్రీ-సీజన్ మొత్తం దొరుకుతుంది. నిజంలో 2024 నవంబర్‌లో, సీజన్ మధ్యలో వచ్చాడు. ఆ సీజన్ యునైటెడ్‌కి 42 పాయింట్లతో 15వ స్థానం. అందుకే గేమ్ ఫలితం కాస్త తీపిగానే వస్తుంది.

గేమ్ బలహీనత యజమానుల దగ్గర. కోచ్ ఎంపికని గేమ్‌లోని క్లబ్ బోర్డుకే వదిలేస్తే ఎక్కువగా పేరున్నవాడి వెంటే పడుతుంది. మన హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి చూడండి. 2019–20లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) అట్టడుగున ఉండి, కోచ్‌గా మనోలో మార్కెజ్‌ని తెచ్చుకుంది. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లని నమ్మాడాయన. మరుసటి ఏడు ఐదో స్థానం, 2021–22లో కప్పు. ఆయన వెళ్లాక, జీతాల బాకీలు పేరుకున్న 2023–24లో అదే క్లబ్ మళ్లీ అట్టడుగుకి పడింది. అలాంటి చోట ఏ కోచ్ నిలబడతాడో ఈ హాలిడే పద్ధతి చెప్పలేదు. స్క్వాడ్‌కీ ఫార్మేషన్‌కీ పొత్తు కుదురుతుందా లేదా అన్నంతవరకే దీన్ని నమ్మండి: ఆ పనికి ఐదుకి నాలుగు, బోర్డు సంగతికి ఒకటిన్నర.