చేరేముందు ఒక మీటింగు చూడండి: డెల్టా డ్వాక్రా సంఘాలపై సమీక్ష

డ్వాక్రాలో, అంటే ఆడవాళ్ల పొదుపు సంఘంలో, చేరొచ్చా అంటే, చేరొచ్చు. కాకపోతే సంతకం పెట్టేముందు ఆ సంఘం మీటింగు ఒకటి చూసి రండి. అందరూ చాప మీద గుండ్రంగా కూర్చున్నారా? పొదుపు డబ్బు అందరి ముందూ లెక్కపెట్టి, ఎవరి పాస్‌బుక్కులో వాళ్లకి అక్కడికక్కడే రాస్తున్నారా? ఎవరి వాయిదా ఆగిందో పైకి చదువుతున్నారా? ఇవి జరుగుతుంటే నిశ్చింతగా చేరండి.

తలా నెలకి 100 వేస్తే పదిమందికి ఏడాదికి 12,000. చిన్న మొత్తమే. అయినా అందులోంచి రూపాయి వడ్డీకి 5,000 తీసుకుంటే నెలకి వడ్డీ 50. బయట ఐదు రూపాయల వడ్డీకైతే 250. పైగా ఆ 50 సంఘం నిధిలోకే చేరుతుంది. తాకట్టు ఉండదు, తోటి సభ్యుల మాటే పూచీ. ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో నెలనెలా అందరికీ తెలుస్తూ ఉంటుంది, నమ్మకం గట్టిపడేది అలాగే.

సంఘంలో చేరితే నమ్మకం పెరుగుతుందా, నమ్మే స్వభావం ఉన్నవాళ్లే చేరతారా అన్నది పరిశోధకుల్లో ఇంకా తెగని వాదన. ఇటలీలోని ప్రాంతాలను పోల్చి చూసిన అమెరికా రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ పట్నం, సంఘాలు బలంగా ఉన్నచోట పాలన కూడా మెరుగ్గా ఉందని 1993లో రాశాడు. ఒకే గుంపులోవాళ్ల మధ్య ఉండే కట్టు వేరు, గుంపుల మధ్య వేసే వంతెన వేరని కూడా ఆయన తర్వాత విడదీసి చెప్పాడు. మన దగ్గర సంఘం మామూలుగా ఒకే వీధివాళ్లది, అంటే ముందే ఎరిగినవాళ్లది. పక్క పేటవాళ్లతో పని పడేది ఊళ్లోని సంఘాలన్నీ కలిసే గ్రామ సమాఖ్యలో. ఏళ్ల తరబడి సంఘం తరఫున అవే ఇద్దరు లీడర్లు అక్కడికి వెళ్తుంటే ఆ పరిచయాలన్నీ వాళ్ల దగ్గరే ఆగిపోతాయి. మాకు కనిపించే పెద్ద లోపం ఇదే. రెండేళ్లకోసారి లీడర్లను మార్చాలి.

రెండో లోపం, బ్యాంకు లింకేజీ అప్పుని, అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పుని, అవసరం చూడకుండా సమానంగా పంచేయడం. అక్కర్లేని ఆవిడ తన వాటా ఇంకొకరికి ఇస్తుంది. వాళ్లు ఎగ్గొడితే కాగితం మీద బాకీ ఈవిడదే.

కూలికి వెళ్లేవాళ్లకి చేతిలో డబ్బు ఆడేది సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) వరి నాట్లు, కోతలప్పుడు. అందుకని సంఘం సొంత నిధి నుంచి ఇచ్చే అప్పుకి, పనుల్లేని నెలల్లో వడ్డీ మాత్రం కట్టేలా తీర్మానం రాసుకోండి. లంక గ్రామాల్లో వరదకి మీటింగు ఆగితే, మళ్లీ ఏ రోజు కూర్చునేదీ ముందే మినిట్స్‌లో రాయాలి.

మీటింగులు ఆగిపోయిన సంఘమైతే ముందు బ్యాంకు స్టేట్‌మెంటు తెప్పించి, అందరి పాస్‌బుక్కులతో సరిచూడండి. తేడా ఉంటే మళ్లీ కూర్చునే మొదటి రోజునే, కొత్త పొదుపు కట్టకముందే అది తేల్చుకోండి.