లెక్కల పీరియడ్‌లో పైథాన్ టర్టిల్: నాలుగు నెలలు వాడినాక నా రివ్యూ

అనంతపురం పక్కన ఒక జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తా నేను. జూన్ నుంచి ఎనిమిదో క్లాసు పిల్లోల్లకి వారానికి ఒక లెక్కల పీరియడ్ కంప్యూటర్ రూములో పెడ్తాండా, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటు ఫ్రీగా వచ్చే టర్టిల్ అనే బొమ్మలు గీసే టూల్ వాడి. ఎట్లుంది సార్, పనికొస్తాదా అని శానా మంది సార్లు అడుగుతాండారు కాబట్టి రాస్తాండా.

తెలీనోళ్ళకి చెప్తా, స్క్రీన్ మధ్యలో చిన్న బాణం గుర్తు ఉంటాది, దాన్నే టర్టిల్, అంటే తాబేలు అంటారు, ఫార్వర్డ్ 100 అని కొడితే (అంకె బ్రాకెట్లో పెట్టాల) గీత గీసుకుంటా పోతాది, లెఫ్ట్ 90 అంటే ఉన్నచోటే ఎడమకి తిరుగుతాది. ఐడియా పాతదే, 1967లో సీమూర్ పాపర్ట్, సింథియా సాలమన్ వాళ్ళు పిల్లల కోసం లోగో అని ఒక కంప్యూటర్ భాష చేసినారు, ఆ తాబేలు మొదట్లో నేల మీద పాకుతా పెన్నుతో గీసే రోబో.

చతురస్రం అందరూ గీసేసినారు. సమబాహు త్రిభుజం గీయమన్నా. కోణం 60 కదా అని అన్ని కంప్యూటర్లలో లెఫ్ట్ 60 కొట్టినారు, మూడు గీతలు పడినాయి గానీ త్రిభుజం మూసుకోలే, మూతలేని గిన్నె మాదిరి వచ్చింది. నేనేం చెప్పలే. ఒక పాప లేచి బండల మీద తానే నడిచింది, మూల దగ్గర ఆగి ఎంత తిరుగుతాందో చేయి చాపి చూసుకుంది, "సార్, 60 లోపల ఉంది, మనం తిరిగేది బయట కదా, 180లో 60 తీసేస్తే 120" అనింది. బాహ్యకోణాల మొత్తం 360 అని బోర్డు మీద ఎన్ని ఏండ్లు రాసినానో, ఈ ఒక్క మాట నాకు పిల్లల నోట్లోంచి ఎప్పుడూ రాలే. ఆ తర్వాత నేను చెప్పకుండానే ఐదు భుజాలకి 72, ఆరుకి 60 అని వాళ్ళే భాగించుకున్నారు. ఇంకో పిల్లోడు 144 పెట్టి ఐదుసార్లు తిప్పితే నక్షత్రం వచ్చింది, 144 ఐదులు 720, అంటే తాబేలు రెండు చుట్లు తిరిగింది అని వాడికి తెలిసేసరికి బెల్లు కొట్టినారు, ఒక్కరూ లేయలే.

చతురస్రాన్ని పది డిగ్రీలు జరుపుతా 36 సార్లు గీస్తే అచ్చం ముగ్గు. ఆడపిల్లలు అది నోటుబుక్కులోకి ఎక్కించుకొని పోయినారు.

ఇబ్బందులు కూడా చెప్పాల. స్కూల్ కంప్యూటర్లలో విండోస్ 7 ఉంటే కొత్త పైథాన్ ఎక్కదు, 3.8 వేసుకోండి, 30 ఎంబీ లోపే, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొని పోతే నెట్ కూడా అక్కర్లే. మనం రాసుకునే ప్రోగ్రాం ఫైలుకి టర్టిల్ అని మాత్రం పేరు పెట్టొద్దు, పైథాన్ అసలు టర్టిల్‌ని వదిలేసి మన ఫైలునే తెచ్చుకొని ఎర్రర్ ఇస్తాది, దానికే మాకు ఒక పీరియడ్ మొత్తం పోయింది. స్పీడ్ 0 అంటే ఆగిపోతాదనుకుంటారు, అదే అన్నిటికంటే ఫాస్ట్. ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించడానికి రాసే రేంజ్‌లో 1 నుంచి 10 అంటే 9 దగ్గరే ఆగుతాది, అది ఇప్పటికీ తప్పు చేస్తానే ఉన్నారు.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లోల్లకి ఇంగ్లీష్ స్పెల్లింగ్ భయం. దానికి మంచి దారి ఉంది, పైథాన్ 3లో పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. పైన ఒక్కసారి ముందుకు ఈజ్ ఈక్వల్ టు ఫార్వర్డ్ అని రాసి పెడితే చాలు, ఇంగ ముందుకు 100 అని కొట్టినా గీత పడుతుంది. ఫర్, ఇఫ్ లాంటి పైథాన్ సొంత మాటలు మాత్రం ఇంగ్లీష్‌లోనే రాయాల. ఇది చూపించిన రోజు వెనక బెంచీ పిల్లోల్లు ముందుకొచ్చి కూర్చున్నారు.

మా పాపని టౌన్లో ఒక సెంటర్లో కోడింగ్‌కి చేర్పిస్తే నెలన్నర ప్రోగ్రాములు బట్టీ కొట్టించినారు, ఒక్క లైను ఎందుకుందో చెప్పలే. అందుకే నేననేది, ఇది కంప్యూటర్ సార్‌కి వదిలేయకుండా లెక్కల సార్లే చేతికి తీసుకోవాల. పిల్లోడు కోణం తప్పు పెడితే మనం ఇంటు మార్కు కొట్టే పని లేదు, గీత పక్కకి పోతాది, వాడే చూసుకొని దిద్దుకుంటాడు.

నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర. అర తగ్గించింది ఎర్రర్ మెసేజ్‌లు అన్నీ ఇంగ్లీష్‌లోనే వస్తాయి కాబట్టి, ఎనిమిదో క్లాసు పిల్లోల్లకి అవి అర్థం కావు, ప్రతిసారీ మనం పక్కన నిలబడి చదివి చెప్పాల. ఇన్‌స్టాల్ ఫైల్ కావల్సిన సార్లు, మేడమ్‌లు ఎవరన్నా ఉంటే పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, సాయంత్రం ఐదు దాకా స్కూల్లోనే ఉంటా.